బండిని కదపాలా, బకెట్‌ను వంచాలా?

ముందుగా ప్రశ్న. ఆమదాలవలస దగ్గర ఒకాయనకు ఒక త్రీడీఎక్స్ జేసీబీ, సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న 14 టన్నుల పొక్లెయిన్ ఉన్నాయి. పొక్లెయిన్‌కు బండలు పగలగొట్టే బ్రేకర్ కోసం ఆయిల్ లైను కూడా ఉందట. పంట కాలువల్లో పూడిక తియ్యడం, గట్లకు స్లోపు కట్టడం, ఊళ్లలో మంచినీటి పైపులకు ట్రెంచ్‌లు తవ్వడం ఆయన పని. ఫోన్‌లో స్వీడన్ వీడియోలు చూశారట. బకెట్ గుండ్రంగా తిరుగుతూ, అటూ ఇటూ ఒరుగుతూ, బండి కదలకుండానే అన్ని వైపులా తవ్వేస్తోందట. "అలాంటిది పెడితే నాకు గిట్టుతుందా? లేకపోతే ఒట్టి టిల్ట్ బకెట్ సరిపోతుందా?" అని అడిగారు. బకెట్ దిక్కు మార్చే మిగతా అటాచ్‌మెంట్‌ల సంగతి కూడా చెప్పమన్నారు.

జవాబు ముందే చెప్పేస్తాను. వీడియోలో మీరు చూసిన, బకెట్‌ను తిప్పుతూ ఒరిగించే పనిముట్టు పేరు టిల్ట్ రొటేటర్. గంట లెక్కన అద్దెకు తిప్పే బండికి అది కొనకండి. కాలువ పని మీటరుకో, క్యూబిక్ మీటరుకో రేటు మాట్లాడుకుని చేస్తుంటే పొక్లెయిన్‌కు టిల్ట్ బకెట్, అంటే అటూ ఇటూ ఒరిగే బకెట్, పెట్టండి, దాని డబ్బు అది తెస్తుంది. ఊళ్లో ట్రెంచ్‌లకు మాత్రం కొత్తగా ఏమీ కొనక్కర్లేదు. మీ జేసీబీ వెనక ఉన్న ఏర్పాటునే పూర్తిగా వాడుకుంటే చాలు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కాలువ పనులు, పైపులైన్ పనులు దగ్గరుండి చేయించినవాణ్ణి, బళ్ల మెయింటెనెన్స్ కూడా చూసినవాణ్ణి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కారణాలు కింద రాస్తున్నాను, మీ పనికి సరిపోల్చి చూసుకోండి.

బండికి అసలు ఎన్ని దిక్కులు ఉన్నాయో ముందు చూద్దాం. బూమ్ (బండికి తగిలి ఉండే పెద్ద చెయ్యి) లేచినా, ఆర్మ్ (దాని కొసన ఉండే రెండో చెయ్యి) లాగినా, బకెట్ ముడుచుకున్నా ఈ మూడూ ఒకే నిలువు తలంలో జరుగుతాయి. క్యాబిన్ తిప్పితే ఆ తలం మొత్తం తిరుగుతుంది తప్ప బకెట్ అంచు మాత్రం బండి నిలబడిన నేలకు సమాంతరంగానే ఉంటుంది. మన చేతికి మోచెయ్యి ఉండి మణికట్టు బిగుసుకుపోతే ఎలా ఉంటుందో, మామూలు పొక్లెయిన్ అలా ఉంటుంది. లేని కదలికలు రెండు. ఒకటి బకెట్ ఎడమకో కుడికో ఒరగడం, రెండు బకెట్ తన చుట్టూ తాను తిరగడం. మార్కెట్‌లో దొరికే అటాచ్‌మెంట్‌లలో చాలావరకు ఈ రెంటిలో ఒకటి ఇస్తాయి, లేదా రెండూ ఇస్తాయి.

ఒరగడం లేకపోతే ఏం నష్టం? నారాయణపురం ఆనకట్ట కింద ఒక పిల్ల కాలువ అనుకోండి. గట్టు మీద బండి వెళ్లేంత దారే ఉంటుంది. ట్రాకులు కాలువ వెంబడి పెట్టి, క్యాబిన్ సరిగ్గా తొంభై డిగ్రీలు తిప్పి, ఆర్మ్ కాలువలోకి చాచి లాగితే స్లోపు బాగానే వస్తుంది. ఎందుకంటే అప్పుడు వాలు కూడా ఆర్మ్ తలంలోనే ఉంది. కానీ ఆ నిలబడిన చోటు నుంచి మీకు వచ్చేది ఒక్క బకెట్ వెడల్పు మాత్రమే. పక్క పట్టీ కోసం క్యాబిన్ కాస్త తిప్పారంటే బకెట్‌కు ఒక మూల మట్టిలో దిగబడుతుంది, రెండో మూల గాలిలో ఉంటుంది. గట్టు నిండా మెట్లు మెట్లుగా గీతలు పడతాయి. వాటిని సరిచెయ్యడానికి మళ్లీ కూలీలు పారలతో దిగాలి. అలా కాకూడదంటే ప్రతి బకెట్ వెడల్పుకూ బండిని ముందుకు నడపాలి. వానకు నానిన గట్టు మీద పక్కకు చాచి లాగుతుంటే బరువంతా కాలువ వైపు ట్రాకు మీద పడుతుంది, గట్టు అంచు జారుతుంది. ఆపరేటర్‌కు అదొక టెన్షన్.

టిల్ట్ బకెట్ ఉంటే బండిని కాలువ వెంబడే చూసేలా పెట్టి, బకెట్‌ను వాలుకు తగ్గట్టు ఒరిగించి వెనక్కి లాగవచ్చు. లేదా పక్కకు తిరిగి ఉన్నా, ఒక్క చోటు నుంచి మూడు నాలుగు పట్టీలు చెక్కవచ్చు. ఇందులో మన పనికి సరిపడే మంచి సంగతి ఒకటుంది. మన కాలువల స్లోపులు ఎక్కువగా ఒకటికి ఒకటి, ఒకటిన్నరకు ఒకటి, రెండుకు ఒకటి. వీటి కోణాలు వరసగా 45 డిగ్రీలు, సుమారు 34 డిగ్రీలు, సుమారు 27 డిగ్రీలు. రెండు సిలిండర్ల టిల్ట్ బకెట్ సాధారణంగా ఒక్కో వైపు 45 డిగ్రీల దాకా ఒరుగుతుంది. అంటే మీకు తగిలే వాలు ఏదైనా దాని పరిధిలోనే ఉంటుంది. కొనేది వెడల్పుగా, పళ్లు లేకుండా, సాపు అంచుతో ఉన్న బకెట్ అయ్యుండాలి. పళ్లున్న ఇరుకు బకెట్‌ను ఒరిగించి స్లోపు కట్టాలంటే గట్టు దువ్వినట్టు గీతలు పడుతుంది.

కోణం సరిచూడటానికి క్యాబిన్‌లో ఖరీదైన సెన్సార్ అక్కర్లేదు. చెక్కతో ఒక త్రికోణం చేయించండి. అడుగు 90 సెంటీమీటర్లు, నిలువు 60 సెంటీమీటర్లు, ఏటవాలు కర్ర సుమారు 108 సెంటీమీటర్లు వస్తుంది. అది ఒకటిన్నరకు ఒకటి స్లోపు. దాని వాలు కర్రను గట్టు మీద ఆనించి, అడుగు కర్ర మీద మట్టం పెట్టి చూస్తే హెల్పర్ కుర్రాడే పది అడుగులకొకసారి సరిచూసి చెబుతాడు. కాలువ మీదకు వచ్చే ఇంజనీరు కూడా ఆ చెక్క చూస్తే సగం ప్రశ్నలు మానేస్తారు.

టిల్ట్ వల్ల రెండో లాభం గెడ్డల (వాగుల) ఒడ్డున తెలుస్తుంది. బండి నిలబడిన నేలే ఓరగా ఉంటే ట్రెంచ్ అడుగు కూడా ఓరగానే వస్తుంది. బండి అయిదు డిగ్రీలు ఒరిగి ఉందనుకోండి, మీటరున్నర వెడల్పు బకెట్‌కు ఈ అంచుకూ ఆ అంచుకూ 13 సెంటీమీటర్ల తేడా వస్తుంది. పైపు పరుపుకు అది చాలా ఎక్కువ. టిల్ట్ లేనప్పుడు ఒక ట్రాకు కింద మట్టి దిబ్బ కట్టి బండిని లెవెల్ చేస్తారు. దానికి పోయే టైమ్ ఎవరూ లెక్క వెయ్యరు.

ఇప్పుడు అసలు చూడాల్సిన చోటు, ఆయిల్ లైను. మీ పొక్లెయిన్‌కు ఇప్పటికే బ్రేకర్ లైను ఉందని రాశారు కాబట్టి "రెండు హోసులు తగిలిస్తే టిల్ట్ బకెట్ పనిచేస్తుంది" అని అమ్మేవాళ్లు చెబుతారు. అలా కాదు. మామూలు బ్రేకర్ లైను ఒకే వైపు పారుతుంది. ఒక పైపులో ప్రెషర్ వెళుతుంది, రెండో పైపు నేరుగా ట్యాంకుకు తిరిగి వస్తుంది. టిల్ట్ సిలిండర్‌కు రెండు వైపులా ప్రెషర్ కావాలి. బ్రేకర్ లైనుకే తగిలిస్తే బకెట్ ఒక పక్కకు ఒరిగి అక్కడే ఉండిపోతుంది. రెండో సంగతి, బ్రేకర్‌కు కావలసిన ఆయిల్ ఎక్కువ, టిల్ట్‌కు తక్కువ. ఆ వేగాన్ని తగ్గించకపోతే బకెట్ విసురుగా కొట్టుకుంటుంది, పిన్నులు, సీళ్లు త్వరగా పోతాయి.

దీనికి రెండు దారులున్నాయి. ఒకటి, బండికి రెండు వైపులా పారే అదనపు లైను పూర్తిగా వేయించడం. ఖర్చు ఎక్కువే కానీ పని చక్కగా ఉంటుంది. రెండోది, ఆర్మ్ మీద ఒక డైవర్టర్ వాల్వు పెట్టి, జాయ్‌స్టిక్ మీద బటన్ నొక్కితే బకెట్ సిలిండర్‌కు వెళ్లే ఆయిల్ టిల్ట్ వైపు మళ్లేలా చెయ్యడం. ఇందులో బకెట్ ముడవడం, ఒరిగించడం రెండూ ఒకేసారి కావు. కాలువ స్లోపుకు అది పెద్ద లోటు కాదు. ఒకసారి కోణం పెట్టుకుంటే చాలాసేపు అదే కోణంలో లాగుతారు కదా. 14 టన్నుల పాత బండికి నేను రెండో దారే చెబుతాను. ఏ దారిలో వెళ్లినా సిలిండర్ల మీద లాక్ వాల్వు (లోపలి ఆయిల్‌ను కదలకుండా పట్టి ఉంచేది) ఉందో లేదో చూడండి. అది లేకపోతే ఒక మూల రాయికి తగలగానే బకెట్ కోణం మెల్లగా జారిపోతుంది. ఆపరేటర్ చూసుకునేసరికి పది మీటర్ల గట్టు తప్పుడు వాలులో తయారవుతుంది.

బరువు, పొడవు సంగతి కూడా ఉంది. బకెట్‌కూ ఆర్మ్‌కూ మధ్యలో ఏది పెట్టినా పంటి కొన దూరం జరుగుతుంది. పిన్ను నుంచి కొన దాకా మీటరున్నర ఉన్నచోట మరో 30 సెంటీమీటర్లు కలిస్తే, బకెట్ తవ్వే బలంలో ఆరో వంతు తగ్గినట్టే. మెత్తటి పూడికలో అది తెలియదు. గరువుల్లో (మెట్ట భూముల్లో) ఎర్ర గరప నేల ఎండిపోయి ఉన్నప్పుడు బాగా తెలుస్తుంది. అందుకే తవ్వకానికి పాత పళ్ల బకెట్, చెక్కడానికి టిల్ట్ బకెట్ అని రెండూ దగ్గర ఉంచుకోవాలి. టిల్ట్ అమరిక బకెట్‌లోనే ఉన్న రకం తీసుకుంటే మిగతా పనుల్లో దాని బరువు మోయక్కర్లేదు. టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలకు బండి పంపితే మాత్రం టిల్ట్ ఏదీ తగిలించి పంపవద్దు. ఒరిగిన బకెట్ మూలతో బండను పెకలించబోతే ఆ మెలి అంతా ఒక్క పిన్ను మీద పడుతుంది.

సిలిండర్లు బయటకు కనిపించని రకం కూడా ఉంది. అమెరికాకు చెందిన హెలాక్ వాళ్ల పవర్‌టిల్ట్ ఆ పద్ధతిదే. లోపల మెలికల పళ్లున్న పిస్టన్ ఆయిల్ ప్రెషర్‌కు ముందుకు జరుగుతూ షాఫ్టును తిప్పుతుంది. రాళ్లు తగిలి వంగడానికి బయట రాడ్ ఉండదు కాబట్టి గెడ్డల్లో మన్నిక ఎక్కువ. కానీ పాడైతే మన దగ్గర లేత్ షాపులో విప్పి బాగుచేసేది కాదు. సిలిండర్ రకమైతే సీల్ కిట్ తెచ్చుకుని శ్రీకాకుళంలోనే ఒక పూటలో మార్పించుకోవచ్చు. ఆ ఒక్క కారణంతో నా ఓటు సిలిండర్ రకానికే.

ఊళ్లో ట్రెంచ్‌ల విషయానికి వద్దాం. సందులో గోడ పక్కనే పైపు వెయ్యాలి. బండిని అడ్డంగా పెట్టే చోటు లేదు. మీ త్రీడీఎక్స్ వెనక బూమ్ నిలబడే కింగ్‌పోస్ట్ అడ్డ రైలు మీద పక్కకు జరుగుతుంది, చూశారా? బకెట్‌ను నేలకు ఆనించి, క్లాంపులు వదిలి, బూమ్‌నే నెట్టుకుంటూ దాన్ని చివరిదాకా జరిపి మళ్లీ బిగిస్తే, బండి పక్క చక్రం వరసలోనే గోడ వెంబడి ట్రెంచ్ వస్తుంది. దిక్కు మార్చే అటాచ్‌మెంట్ అంటే ఇదే, బండితోపాటు వచ్చేసింది. మన వైపు చాలా బళ్లలో దాన్ని వాడనే వాడరు. ఆ రైలు మీద మట్టి గట్టిపడి, తుప్పు పట్టి కదలదు. ఒక పూట కూర్చుని రైలు కడిగి, మట్టి గీకి, వారానికొకసారైనా ఆ చివర నుంచి ఈ చివరకు జరపండి. క్లాంపు సీళ్లు కారుతుంటే మార్పించండి, లేకపోతే తవ్వుతుండగా కింగ్‌పోస్ట్ జరిగిపోతుంది.

ఇలాంటి పనే రోజూ ఉంటే మినీ ఎక్స్‌కవేటర్ మేలు. వాటిలో బూమ్ మొదట్లోనే ఒక మడత ఉంటుంది. బూమ్‌ను ఒక పక్కకు మడిచి, క్యాబిన్‌ను రెండో పక్కకు తిప్పితే ఆర్మ్ ట్రాకుకు సమాంతరంగా, గోడను ఆనుకుని పనిచేస్తుంది. శ్రీకాకుళం తీరంలోని ఉద్దానంలో కొబ్బరి చెట్ల మధ్య పైపులు వెయ్యడానికి కూడా అదే సరైన బండి.

ట్రెంచ్ మాట వచ్చింది కాబట్టి ఒక్క జాగ్రత్త. ఏ వైపు నుంచి తవ్వినా మట్టి అంచుకు దూరంగా పొయ్యాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 3764 ప్రకారం మీటరున్నర లోతు దాటిన ట్రెంచ్‌కు ఊతాలు పెట్టాలి. తీసిన మట్టి అంచు నుంచి మీటరున్నర గానీ, లోతులో సగం గానీ, ఏది ఎక్కువైతే అంత దూరంలో ఉండాలి. తీరంలో ఇసుక నేలలు ఎప్పుడైనా, మనిషి కింద ఉండగానే కూలిపోవచ్చు. సందు ఇరుకైందని మట్టి అంచునే పోసి, కింద మనిషిని దింపి పైపు జాయింట్ వేయించే పని దయచేసి ఒప్పుకోవద్దు, ఎవరు ఎంత తొందర పెట్టినా.

ఇక వీడియోలో చూసిన టిల్ట్ రొటేటర్. ఇది 1980ల్లో స్వీడన్‌లో పుట్టింది. రోటోటిల్ట్, ఎంగ్‌కాన్, స్టీల్‌రిస్ట్ అన్నీ అక్కడి కంపెనీలే. ఒరగడానికి రెండు సిలిండర్లు ఉంటాయి. తిరగడానికి ఒక హైడ్రాలిక్ మోటారు వార్మ్ గేరును (మరలాంటి గేరును) తిప్పుతుంది, అది పెద్ద పళ్ల చక్రాన్ని తిప్పుతుంది. మధ్యలో స్వివెల్ (ఆయిల్ పారుతూనే తిరిగే జాయింట్) ఉండటం వల్ల హోసులు మెలిపడకుండా బకెట్ ఎన్ని చుట్లైనా తిరుగుతుంది. వార్మ్ గేరు కాబట్టి బకెట్‌ను బయట నుంచి నెట్టినా అంత సులువుగా వెనక్కి తిరగదు, పెట్టిన చోటే ఉంటుంది. అడ్డంగా పాత పైపు పోతున్న ట్రెంచ్‌లో దీని విలువ తెలుస్తుంది. మామూలు బకెట్ ఆ పైపుకు ఇటు కొంత, అటు కొంత తవ్వి ఆగిపోవాలి, కింద మట్టి మనిషే తియ్యాలి. ఇదైతే బకెట్‌ను అడ్డం తిప్పి, ఒరిగించి, పైపు పక్కల నుంచి కిందకు జొరబడి తీస్తుంది. అద్భుతమైన పనిముట్టు, అందులో సందేహం లేదు.

స్వీడన్, నార్వేల్లో అది దాదాపు ప్రతి బండికీ ఉండటానికి కారణం అక్కడి కూలి రేట్లు. బండితోపాటు ఇద్దరు మనుషులు ట్రెంచ్‌లో దిగకుండా చేస్తే, అక్కడ ఆ మిగులే అటాచ్‌మెంట్ ఖర్చు తీర్చేస్తుంది. పైగా పనిని మొత్తంగా ఒప్పుకుని చేస్తారు. మన దగ్గర బండి గంటకు ఇంత అని తిరుగుతుంది. పది గంటల పని మీరు ఏడు గంటల్లో చేస్తే రైతుకో, కాంట్రాక్టర్‌కో మూడు గంటల సొమ్ము మిగిలింది. అటాచ్‌మెంట్ వాయిదా మాత్రం మీరు కట్టాలి. గంట రేటు పెంచుతానంటే పక్క ఊరి బండిని పిలుస్తారు. ఇది ఎవరి తప్పూ కాదు, అద్దె పద్ధతే అలా ఉంది. పైగా 14 టన్నుల బండికి ఆర్మ్ కొసన అంత బరువు వేలాడదీస్తే ఎత్తే శక్తి తగ్గుతుంది. జాయ్‌స్టిక్‌లు మార్చాలి, వాటి మీద మెల్లగా నియంత్రించే రోలర్లు ఉండాలి. కొత్త ఆపరేటర్ చేతికి అది అలవాటు కావడానికి నెలలు పడుతుంది, ఈలోపు ఆయన వేరే బండికి మారిపోవచ్చు.

కాబట్టి కొనే ముందు ఒక పని చెయ్యండి. కాలువ పనిలో ఒక రోజు మీరే గట్టు మీద నిలబడి రెండు సంగతులు రాసుకోండి. కేవలం కోణం కోసం ట్రాకు కదిపిన ప్రతిసారీ ఎన్ని నిమిషాలు పోయాయి, బండి వెనక పారలతో సరిచేసిన కూలీలకు ఎంత ఇచ్చారు. ఆ నిమిషాలను డబ్బులోకి మార్చి, రెండూ కలిపి సీజన్‌లో మీకున్న కాలువ రోజులతో గుణించండి. పని కొలత మీద ఒప్పుకున్నదైతే ఆ మొత్తం మీ జేబులోకి వస్తుంది. టిల్ట్ బకెట్, వాల్వు, హోసులు, ఫిట్టింగ్ కలిపి ఇచ్చిన కొటేషన్‌తో దాన్ని పోల్చండి. రెండు సీజన్లలో తీరేలా ఉంటే ముందుకు వెళ్లండి. పని గంట అద్దెదైతే ఈ లెక్క వెయ్యనే అక్కర్లేదు.

మిగతా దిక్కుల గురించి కూడా అడిగారు కాబట్టి క్లుప్తంగా. క్విక్ హిచ్ (బకెట్‌ను త్వరగా మార్చుకునే కొక్కెం) ఉన్న బండికి కొన్ని మోడళ్లలో బకెట్‌ను తిరగేసి తగిలించి, బండికి అవతలి వైపు తవ్వించవచ్చు. మదుము (కాలువ తూము) గోడ కింద పేరుకున్న మట్టిని ముందుకు తోసి తియ్యడానికి పనికొస్తుంది. హిచ్ తయారీదారు దానికి అనుమతి ఇచ్చారో లేదో మాన్యువల్‌లో చూశాకే చెయ్యండి. నేల బావుల్లో నిట్టనిలువుగా కిందకు పూడిక తియ్యాలంటే క్లామ్‌షెల్ గ్రాబ్, రెండు దవడలు మూసుకుని మట్టి పట్టుకునేది.

ఇక తిరిగే గ్రాపుల్, అంటే మొద్దుల్ని పట్టుకునే పంజా. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు తోటల నిండా పడిపోయాయి, ఒక్కో మొద్దు ఒక్కో దిక్కుకు. మామూలు బకెట్ తనకు అడ్డంగా పడిన మొద్దునే ఒడిసి పట్టగలదు. మిగతా ప్రతిదానికీ బండి తోటలో తిరిగి సరైన వైపు నిలబడాలి, ఆ తిరగడంలో నిలిచిన మొక్కలు కూడా తొక్కుడు పడతాయి. తిరిగే గ్రాపుల్ అయితే మొద్దు ఎటు పడి ఉంటే అటు తిరిగి పట్టుకుని, ట్రాక్టర్ ట్రక్కులో పొడుగ్గా సర్దుతుంది. పలాస, సోంపేట వైపు నలుగురైదుగురు బండి ఓనర్లు కలిసి అలాంటిది ఒకటి ఉంచుకుంటే తుఫాను ఏడాది ఎంతో అక్కరకొస్తుంది. విడిగా ఒక్కరికి గిట్టదు.

టిల్ట్ బకెట్ తీసుకుంటే ఆపరేటర్‌కు మూడు మాటలు మొదటి రోజే చెప్పండి. ఒరిగిన బకెట్‌ను నేలకు ఆనించి క్యాబిన్ తిప్పి పక్కకు ఊడ్చవద్దు. గట్టును బకెట్ మూలతో పొడిచి కుదించవద్దు. బండి ఆపేటప్పుడు బకెట్‌ను లెవెల్‌కు తెచ్చి, రాడ్లు వీలైనంత లోపలికి వచ్చేలా నేలకు దించాలి. తీరం వైపు పనిచేసిన రోజు ఉప్పు ఇసుకను మంచినీళ్లతో కడిగి, మధ్య పిన్నుకు కొత్త గ్రీజు బయటకు వచ్చేదాకా కొట్టాలి. ఆ పిన్ను ఎప్పుడూ బురదలోనే ఉంటుంది, రోజూ గ్రీజు పడకపోతే బుష్షు అరిగి బకెట్ ఊగుతుంది. డీలర్ దగ్గర పాతది చూస్తుంటే కూడా ముందు ఆ పిన్నునే చూడండి. బకెట్‌ను నేలకు రెండంగుళాల ఎత్తులో ఉంచి, ఒక చివర గడ్డపారతో ఎత్తమనండి. టకటక చప్పుడు వస్తే బుష్షింగ్ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.